నీళ్ళు మోసినోని బిడ్డ

నీళ్ళమ్మ పోయిందని ఫోను వచ్చినప్పుడు నేను బీపీ మాత్ర వేసుకుందామని గ్లాసు చేత్తో పట్టుకొని ఉన్నాను. వికారాబాదు చర్చిలో గంట కొట్టే ఆయన చేశాడు. "సారూ, నీళ్ళమ్మ పోయింది. పొద్దుగాల చాయ్ తాగి అరుగు మీద కూసున్నదట. గట్లనే పోయింది," అన్నాడు. "ఎన్నింటికి?" అని అడిగాను. జీవితమంతా చరిత్ర పాఠాలు చెప్పినవాణ్ణి కదా, నా నోటికి ముందు వచ్చేది టైమూ తారీకూ. గ్లాసులో సగం నీళ్ళు మిగిలాయి. సింకులో పారబోయబోయి ఆగి, బాల్కనీలోకి తీసుకుపోయి కరివేపాకు మొక్కకు పోశాను. ఆ అలవాటు నాకు ఆవిడ నేర్పిందే.

ఆవిడ అసలు పేరు నాకు తెలుసు, కానీ రాయను. ఆ పేరుతో పిలిస్తే ఆవిడే వెంటనే పలికేది కాదు. నేను వికారాబాదు కాలేజీలో ఉద్యోగంలో చేరేనాటికి ఆవిడకు నలభై దాటాయి. వరండా చివర మూడు పెద్ద మట్టి రంజన్లు ఇసుకలో పాతిపెట్టి ఉండేవి. పొద్దున్నే వాటిని కడిగి, బావి నుంచి నీళ్ళు తెచ్చి నింపి, తడిగుడ్డ చుట్టి, పక్కన స్టూలు వేసుకొని కూర్చోవడం ఆవిడ పని. పిల్లలు గ్లాసు ముంచుకుంటామంటే ఒప్పుకునేది కాదు. తానే పోసేది. పోసి ఊరుకుంటుందా, తాగేవాడి గొంతు వైపే చూస్తూ నిలబడేది. ఆ గుటకలు ఆగేదాకా కళ్ళు కదిలేవి కావు. కొత్తగా చేరిన ఆడపిల్లలు సిగ్గుపడి సగంలోనే గ్లాసు దింపేసేవారు. "ఏందే, గంతేనా? మిగిలినయి ఎవరు తాగాలె?" అని మళ్ళీ చేతికిచ్చేది. వద్దంటే ఆ సగం గ్లాసును గేటు దగ్గరున్న గన్నేరు చెట్టు దాకా నడిచి వెళ్ళి మొదట్లో పోసి వచ్చేది. వరండా పక్కనే మట్టి ఉంది కదా, ఇక్కడే పారబోస్తే ఏమైందని ప్రిన్సిపాలు ఒకసారి చిరాకుపడ్డాడు. "పారవోసుడు వేరు, పోసుడు వేరు సార్," అంది. ప్రిన్సిపాలుకు అర్థం కాలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ కాలేదు.

నాకు అర్థమైంది ఆ మరుసటి ఏడు, ఒక ఎండాకాలపు మధ్యాహ్నం. రెండో ప్రపంచ యుద్ధం చెబుతున్నాను. పాఠం చెప్పడంలో నాకు కొంచెం గర్వం ఉండేది, దాచుకోను. నల్లబల్ల మీద సుద్దముక్కతో ఈశాన్య సరిహద్దు గీసి, బర్మా వైపు నుంచి బాణం గుర్తులు వేసి, కొహిమా దగ్గర ఒక చుక్క పెట్టాను. పంతొమ్మిది వందల నలభై నాలుగు, ఏప్రిల్. జపాను సైన్యం దిమాపూర్ వైపు దూసుకొస్తోంది. దారిలో ఒక కొండ వరస. ఆ కొండ మీద ఇంగ్లీషువాళ్ళ కొలువులో ఉన్న కొద్దిమంది సైనికులు చుట్టుముట్టినా లొంగకుండా నిలబడ్డారు. కలెక్టరు బంగళా టెన్నిస్ కోర్టుకు ఇటు వీళ్ళు, అటు వాళ్ళు. ఆ కొండ చేజారలేదు గనక జపాను వెనక్కి తిరిగింది. పది నిమిషాల్లో యుద్ధం ముగించేశాను. చేతులకంటిన సుద్ద దులుపుకుంటూ తలెత్తితే గుమ్మంలో నీళ్ళజగ్గుతో నీళ్ళమ్మ నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో.

క్లాసు అయ్యాక స్టాఫ్‌రూముకు వచ్చింది. జగ్గు బల్ల మీద పెట్టి, "సారూ, గా గుట్ట సంగతి మంచిగ జెప్పినవ్. గని నీళ్ళ సంగతి జెప్పలే," అంది.

"ఏం నీళ్ళమ్మా?"

"గుట్ట మీద నీళ్ళు లేవు గద. ఊట జపానోళ్ళ దిక్కున పడ్డది. ఒక్కొక్కనికి కొలిచి పోసిండ్రు. గది జెప్పకపోతే పోరగాండ్లకు ఏం తెలుస్తది?"

నేను తెల్లబోయాను. ఆ మాట నిజమే. నేను చదివిన పుస్తకంలో ఒక మూల ఉంది కూడా. పరీక్షలో రాదు గనక వదిలేశాను. ఇది నీకెలా తెలుసని అడిగాను. పైటకొంగుతో మెడ తుడుచుకొని, "మా నాయన ఆడ నీళ్ళు మోసిండు," అంది, మా నాయన తాండూరులో కందులు తూచిండని నేను చెప్పినంత మామూలుగా.

ఆ తర్వాత చాలా ఏళ్ళపాటు, ముక్కలు ముక్కలుగా, ఆ నాయన కథ విన్నాను. ఆయన ఇక్కడ దొరల బంగళాకు తోలుతిత్తితో నీళ్ళు మోసేవాడు. ఆవిడకు గుర్తున్నదల్లా ఒకటే. నాయన భుజం మీద కూర్చుంటే గౌను వెనకాల తడిసిపోయేది. ఆయన వీపు ఎప్పుడూ తడే. ముఖం గుర్తులేదు. ఆవిడకు నాలుగేళ్ళు నిండకముందే పట్టాల పక్క నుంచి నడిచి స్టేషనుకు పోయి లష్కర్ బండెక్కాడు. సికింద్రాబాదును మా పాతవాళ్ళు లష్కర్ అనేవారు. అక్కడ పటాలంలో నీళ్ళు మోసే పనికి చేరాడు. తుపాకి లేదు, పతకం లేదు. పటాలం ఎటు పోతే అటు తిత్తి మోసుకుంటూ పోవడమే. ఒక ఉత్తరం వచ్చింది. రెండోది రాలేదు.

యుద్ధమైపోయిన రెండేళ్ళకు తాండూరు బండల గనిలో పనిచేసే ఒకాయన వీళ్ళమ్మను వెతుక్కుంటూ వచ్చాడట. ఆయనా పటాలంలో వంటపని చేసి వచ్చినవాడే. "నీ పెనిమిటి కొహిమల ఉండె. గుట్ట మీద నీళ్ళు దొరక్క సచ్చిండని ఇన్న," అని చెప్పాడు. కళ్ళతో చూసింది కాదు, విన్నదే. అమ్మకు ఆ మాట చాలింది. బిడ్డకూ చాలింది. చిన్నపిల్ల బుర్రలో ఆ మాట వెళ్ళి ఎక్కడ కూర్చుందనుకున్నారు? చర్చిలో. గుడ్ ఫ్రైడే నాడు పన్నెండు నుంచి మూడింటి దాకా ఏసు శిలువ మీద పలికిన ఏడు మాటల మీద ప్రసంగాలుంటాయి. అయిదో మాట, దాహమవుతోందన్నది. అక్కడా ఒక కొండ, అక్కడా నీళ్ళు లేవు. ఆ పిల్లకు రెండు కొండలూ ఒకటే అయిపోయాయి.

పదేళ్ళు వచ్చినప్పటి నుంచి ఆవిడకు ఒక పద్ధతి ఉండేది. గుడ్ ఫ్రైడే నాడు అయిదో మాట ముగియగానే లేచి, నిండిన బెంచీల మధ్య నుంచి బయటికి నడిచేది. బయట వేపచెట్టు కింద నీళ్ళబిందె పెట్టి ఉంచేది. దాన్ని చంకనెత్తుకొని అనంతగిరి గుట్టకు. మొదట్లో పాస్టర్లు కోప్పడ్డారట, ఇంకా రెండు మాటలున్నాయి కూర్చోమని. తర్వాత వచ్చిన పాస్టర్లు అయిదో మాట అయ్యాక ఆవిడ గుమ్మం దాటేదాకా గుక్క తిప్పుకుంటూ ఆగడం నేర్చుకున్నారు. గుట్ట ఎక్కుతూ ఎదురైన ప్రతి మనిషికీ నీళ్ళు పోసేది. పద్మనాభుడి గుడికి పోయేవాళ్ళు, మేకలు కాసేవాళ్ళు, గుట్ట మీది దవాఖానలో రోగిని చూడవచ్చినవాళ్ళు, ఎవరైనా సరే. బిందె ఖాళీ అయి కిందికి దిగేదాకా తాను చుక్క ముట్టేది కాదు.

ఎగతాళి చేయడం నాకు పుట్టుకతో వచ్చింది. "అమ్మా, మూసీ పుట్టేదే ఆ గుట్ట మీద. నువ్వు దానికి నీళ్ళు మోసుకపోతున్నవా?" అన్నాను ఒకసారి.

"మూసీ పుడ్తది సారూ. నిలుస్తదా? పుట్టుడు పుట్టుడే కిందికి ఉరుకుతది. గుట్ట మీదోనికి ఏం లాభం?"

"మరి ఆ యుద్ధం ఏప్రిల్లో కదా. గుడ్ ఫ్రైడే ఒక్కో ఏడు ఒక్కో తారీకున వస్తది. నీ లెక్క ఎట్ల కుదురుతది?"

"ఏసుప్రభువుకే తారీకు నిలకడ లేదు. మా నాయనకు కావాల్నా?" అని నవ్వేసింది. నా పంతులుతనం ఊరుకోక ఇంటికి వెళ్ళి పాత పంచాంగాలు, క్యాలెండర్లు తిరగేశాను. నలభై నాలుగులో గుడ్ ఫ్రైడే ఏప్రిల్ ఏడున వచ్చింది. కొండను చుట్టుముట్టి అప్పటికి మూడు రోజులు. ఆ తారీకును ఒక కాగితం మీద రాసుకున్నాను. మర్నాడు వెళ్ళి చెబితే, "అట్లనా," అని ఊరుకుంది. నాకు ఒళ్ళు జలదరించిన విషయం ఆవిడకు ఎప్పుడూ తెలిసిందే కాబోలు.

ఒక ఏడు నేనూ వెంట వెళ్ళాను. మబ్బు పట్టిన రోజు. గుట్ట మీద టేకు ఆకులన్నీ రాలి, కింద దారంతా గలగలమంటోంది. నీళ్ళమ్మ నడుస్తూ మాట్లాడుతోంది. ఏ గుట్ట గురించి మాట్లాడుతోందో కాసేపటికి నాకు తెలియకుండా పోయింది. "గీ మలుపుల ఊట ఉండె. గీడికెల్లి జపానోళ్ళు చూస్తుండిరి. గందుకని పొద్దువోయినంక పాకుకుంట పోయి నింపుకొస్తుండిరి. గదిగో, గా సదును జాగ ఉంది చూడు, గదే నువ్వు జెప్పిన ఆట గ్రౌండు. తెల్లసున్నం గీతలు ఉంటయి." ఆవిడ వేలు చూపించిన చోట సీతాఫలం పొదల మధ్య ఒక చదునైన బండ ఉంది. నేనూ చూశాను. తెల్లగీతలు కనిపించాయని చెప్పను గానీ, కనిపించలేదని కూడా ఒట్టేసి చెప్పలేను. ఆవిడ ఎన్నడూ చూడని కొండను ఎక్కడో ఈశాన్యాన్నుంచి ఎత్తుకొచ్చి మా అనంతగిరి మీద పరిచింది. అక్కడ మనుషులు పాకుతున్నారు, నాలుకలు ఎండిపోతున్నాయి, ఎవరో తడి వీపుతో చెట్ల మధ్య నుంచి పైకి వస్తున్నాడు. గాలి కూడా ఎక్కడో తడి మీద నుంచి వచ్చినట్టు చల్లగా తగిలింది. నా పక్క నుంచి ఇద్దరు యాత్రికులు దిగుతుంటే వాళ్ళు ఏ సైన్యంవాళ్ళని అడగబోయి నాలుక కరుచుకున్నాను.

పాతరోజుల్లో కొందరు ఆవిడ చేతి నీళ్ళు తాగేవారు కాదు. మెడలోని శిలువ చూసి, ఏ వాడ మనిషివని అడిగి మరీ తప్పుకునేవారు. ఆవిడ వాదన పెట్టుకునేది కాదు. చెంబు నింపి బండ మీద పెట్టి నాలుగడుగులు పక్కకు జరిగి, ముఖం అటు తిప్పుకొని నిలబడేది. వెనక నుంచి గుటకల చప్పుడు వినిపించేదాకా అలాగే ఉండేది. చప్పుడు వినిపించని రోజులూ ఉండేవట. అప్పుడు ఆ నీళ్ళు మోదుగు చెట్టుకు పోసేది. ఈ మాట చెప్పినప్పుడు ఆవిడ గొంతులో కోపమేమీ లేదు. నాకే సిగ్గేసింది. తాగకుండా పోయినవాళ్ళలో మా తాండూరు బంధువులు తప్పకుండా ఉండి ఉంటారు.

ఆవిడ రిటైరయింది. తర్వాత నేనూ అయ్యాను. రంజన్లు పోయి ఫిల్టరు మిషను వచ్చింది. బిందె పోయి ప్లాస్టిక్ క్యాను వచ్చింది. గుట్ట పైదాకా ఆటోలో వెళ్ళి, చివరి మెట్ల దగ్గర దిగి ఎక్కేది. అలా ఏళ్ళు గడుస్తుండగా చర్చి పెద్దలకు ఒక ఆలోచన వచ్చింది. ఈ సంఘం నుంచి పాత యుద్ధాలకు వెళ్ళి తిరిగి రానివాళ్ళ పేర్లు ఒక తాండూరు బండ మీద చెక్కించి, ఆవరణలో నిలబెట్టాలని. నాలుగు పేర్లు దొరికాయి. అయిదో పేరు నీళ్ళమ్మ నాయనది.

అక్కడే గొడవ మొదలైంది. కమిటీలో యాలాల్ నుంచి వచ్చే ఒక పెద్దమనిషి ఉన్నాడు. వరసకు నీళ్ళమ్మకు చిన్నాయన కొడుకే. ఆయన లేచి, "అక్కా, కోపం చేయకు. మా నాయన బతికున్నన్ని దినాలు ఒకటే మాట చెప్పిండు. పెదనాయన పటాలం ఇడిసి పారిపోయిండు, బర్మా దిక్కు ఇంకో ఇల్లు పెట్టుకున్నడు అని. పారిపోయినోని పేరు బండ మీద ఎట్ల రాస్తం? రేపు నలుగురు అడిగితే ఏం జెప్తం?" అన్నాడు. తక్కిన పెద్దలు నేల చూపులు చూశారట. ఒకాయన మెత్తగా, "ఆధారం ఏమన్న ఉందా అమ్మా?" అన్నాడు.

ఊళ్ళో ఈ మాట కొత్తది కాదు. ఆవిడ చిన్నప్పుడు చింతచెట్టు కింద ఆడుకునే పిల్లలు కూడా "పారిపోయినోని బిడ్డ" అనేవారట. అది మాత్రం అప్పటిదాకా నాకు ఎన్నడూ చెప్పలేదు. ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చి, చెప్పులు విడిచి, కుర్చీ చూపించినా కూర్చోకుండా నిలబడి చెప్పింది. "సారూ, నువ్వు సదువుకున్నోనివి. నాకేం వద్దు. మా నాయన పారిపోలేదని ఒక్క కాయితం తెచ్చియ్యి. మా అమ్మ గదే మాట ఇనుకుంట సచ్చింది. నేను గట్ల సావొద్దు."

నేను వెతికాను. నాకు తెలిసిన విద్య అదొక్కటే. యుద్ధంలో చనిపోయినవాళ్ళ జాబితాలు ఇప్పుడు ఇంట్లో కూర్చొని చూడొచ్చు. కొహిమా కొండ మీద సమాధులున్నాయి. ఆ టెన్నిస్ కోర్టు గీతలు కూడా చెరిగిపోకుండా ఉంచారట. దహనం చేసినవాళ్ళ పేర్లు విడిగా చెక్కారు. వేల పేర్లు. తోట మాలీలూ, వంటవాళ్ళూ, గాడిదలు తోలేవాళ్ళూ అందరూ ఉన్నారు. రోజూ మధ్యాహ్నం భోజనం చేసి కూర్చొని పేర్లు చదివేవాణ్ణి. చదువుతూ చదువుతూ కునుకు పట్టేది. కునుకులో ఆ పేర్లన్నీ వరసగా మా కాలేజీ వరండాలో నిలబడి ఉండేవి, చేతుల్లో ఖాళీ గ్లాసులతో. ఉలిక్కిపడి లేచి మళ్ళీ చదివేవాణ్ణి. మూడు వారాలు గడిచినా కొహిమాలో ఆయన పేరు కనిపించలేదు.

యాలాల్ పెద్దమనిషి మాటే నిజమేమోనని నాకే అనుమానం వచ్చింది. నీళ్ళమ్మ ఎదురుపడుతుందేమోనని స్టేషను రోడ్డున పోవడం మానేసి వెనక గల్లీలోంచి తిరిగి వెళ్ళేవాణ్ణి. చివరికి విసుగొచ్చి వేరే ఊళ్ళ జాబితాలు తెరిచాను. గౌహతిలో దొరికాడు. పేరు, నీళ్ళు మోసేవాడన్న హోదా, భార్య పేరు, ఊరు వికారాబాదు. అన్నీ సరిపోయాయి. ఒక్కణ్ణే గదిలో చప్పట్లు కొట్టాను. తర్వాత తారీకు చూశాను.

చనిపోయింది అదే ఏడు జూన్ నెలలో. కొండ మీద ముట్టడి ఏప్రిల్లోనే తొలగిపోయింది. గౌహతి దగ్గర ఉద్యోగం చేస్తున్న నా పాత విద్యార్థి ఒకడు నా కోసం ఆ సమాధుల తోటకు వెళ్ళి, రాయి ఫోటో తీసి పంపాడు. చుట్టూ పచ్చగడ్డి, కత్తిరించిన పొదలు. ఆ ఊళ్ళో అప్పట్లో ఉన్న మిలిటరీ దవాఖానల్లో పోయినవాళ్ళను అక్కడ పూడ్చారని, కొండ మీద దెబ్బతిన్నవాళ్ళను రైళ్ళలో అక్కడికి చేర్చేవాళ్ళని కనుక్కొని చెప్పాడు. అంటే ఆయన పారిపోలేదు. కానీ కొండ మీద దాహంతోనూ పోలేదు. మైదానంలో, దవాఖానలో, రెండు నెలల తర్వాత పోయాడు.

కమిటీవాళ్ళు నేను ప్రింటు తీసిచ్చిన కాగితం చూడగానే ఒప్పుకున్నారు. రాయి, పేరు, ఊరు ఉన్నాయి, అంతే చాలన్నారు. యాలాల్ పెద్దమనిషి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, కళ్ళద్దాలు తీసి, "మా నాయన తప్పు చెప్పిండు," అని అందరి ముందూ అన్నాడు. అది చిన్న విషయం కాదు. తారీకు సంగతి ఎవరూ పట్టించుకోలేదు. బండ మీద రాయాల్సిన వాక్యం కూడా పాస్టరు తయారుచేసేశాడు. కొహిమా కొండపై గుక్కెడు నీళ్ళకై అలమటించి అసువులు బాసిన అని మొదలవుతుంది. నీళ్ళమ్మ ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివించుకొని విన్నది.

నేను నాలుగు రోజులు నోరు మూసుకున్నాను. ఏళ్ళ తరబడి పిల్లలకు తారీకులు తప్పు రాస్తే మార్కులు కోసినవాణ్ణి. ఈ ఒక్క తారీకు ఎవరికీ అక్కర్లేదు కదా, వదిలేస్తే ఏం పోతుందనుకున్నాను. డెబ్భై ఏళ్ళుగా ఆవిడ ఒక దాహం కోసం గుట్ట ఎక్కుతోంది. ఆ దాహం లేదని చెప్పడానికి నేనెవణ్ణి? కానీ ఆవిడే కదా ఒకనాడు స్టాఫ్‌రూములో నా ముందు జగ్గు పెట్టి, అది చెప్పకపోతే పోరగాండ్లకు ఏం తెలుస్తదని అడిగింది. అయిదో రోజు ఆవిడ ఇంటికి వెళ్ళాను. అరుగు మీద కూర్చొని చింతపండు గింజలు తీస్తోంది. ఫోటో చూపించి, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను.

గింజ తీసిన చింతపండు పక్కకు పెట్టింది. చేతులు కడుక్కొని వచ్చి మళ్ళీ కూర్చుంది.

"దవాఖాన్లనా?"

"అవునమ్మా."

"మంచం మీదనా?"

"మంచం మీదనే అయి ఉంటది."

ఫోటోలోని గడ్డిని వేలితో తడిమింది. "మరి దవాఖాన్ల నీళ్ళుంటయి గద సారూ?"

"గౌహతి బ్రహ్మపుత్ర ఒడ్డున ఉంటది అమ్మా. శానా పెద్ద నది," అన్నాను.

"మన మూసీ అంతుంటదా?"

"మూసీ లాంటివి వంద కలిసినా సరిపోవు. అవతలి ఒడ్డు మసకగ కనిపిస్తది."

ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. ఏడుస్తూనే నవ్వుతోంది. "తాగిండన్నట్టు. తాగే పోయిండన్నట్టు. అమ్మా, ఇన్నవానే?" అని ఎప్పుడో పోయిన వాళ్ళమ్మతో అంది. నేను కూడా ఏడ్చాను. చెప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు.

మర్నాడు ఇద్దరం రైలెక్కి తాండూరు వెళ్ళాం. బండల కార్ఖానాలో కోత మిషన్ల చప్పుడు, ఎటు చూసినా బూడిదరంగు దుమ్ము. పేర్లు చెక్కే ఆయన పాలిష్ బండ మీద సుద్దతో అక్షరాలు గీసి పెట్టాడు, ఉలి వేయడమే తరువాయి. నీళ్ళమ్మ తన నాయన పేరు కింది వాక్యం ఏదని అడిగి, కొంగు తడిపి ఆ వాక్యాన్ని తుడిచేసింది.

"ఏం రాయాలమ్మా మరి? అమరుడు అని రాయనా?" అన్నాడు చెక్కే ఆయన.

"అమరుడని నలుగురికి రాసినవ్ గద బిడ్డా. మా నాయనకు నీళ్ళు మోసినోడు అని రాయి. పెద్దగ రాయి."

పాస్టరు కొంత నసిగాడు గానీ, బండ అలాగే నిలబడింది. ఇప్పటికీ ఉంది.

ఆ తర్వాత వచ్చిన గుడ్ ఫ్రైడే నాడు నేను చర్చి బయట వేపచెట్టు నీడలో నిలబడ్డాను. ఇక ఆవిడ లేవదనుకున్నాను. లేవాల్సిన పని లేదు కదా. లోపల అయిదో మాట అయింది. పాస్టరు అలవాటుగా ఆగాడు. తలుపు తెరుచుకొని నీళ్ళమ్మ బయటికి వచ్చింది. చెప్పులు వేసుకొని, క్యాను ఎత్తి ఆటోలో పెట్టి, జరిగి నాకు చోటిచ్చింది. గుట్ట మీద మెట్ల దగ్గర దిగాక అడిగాను.

"ఇంకెందుకమ్మా? మీ నాయనకు దొరికినయి గద నీళ్ళు."

ఆవిడ క్యాను మూత విప్పి చెంబులోకి వంచింది. చెంబు నిండాక చెయ్యి ఆపి నా వైపు చూసింది. "మా నాయనను దవాఖానకు తీస్కపోయిండ్రు సారూ. మరి గుట్ట మీద మిగిలినోళ్ళకు ఎవరు మోసిండ్రు?"

ఆ మాట ఏ పుస్తకంలోనూ లేదు. "నాకు తెల్వదు," అన్నాను.

"నాకూ తెల్వదు. గందుకే పోతున్న," అని మెట్టెక్కింది.